పాత ఎంజీబీకి కొత్త కార్బ్యురేటర్: ఏది కొనాలి, అసలు కొనాలా?

ప్రశ్న: సార్, నా దగ్గర 1967 నాటి ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. కిందటేడు ఇంజిన్ పూర్తిగా ఓవర్‌హాల్ చేయించాను. సిలిండర్ బోరు 30 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు) పెంచి కొత్త పిస్టన్లు వేశారు, వాల్వులు తెరిచే క్యామ్ మాత్రం కంపెనీదే. కార్బ్యురేటర్లు పాత ఎస్‌యూ హెచ్‌ఎస్4లు రెండు. వాటిని పైపైన కడిగి మళ్ళీ బిగించారు. వేడెక్కాక ఐడ్లింగ్ నిలవదు, ఒకసారి 700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఉంటే ఇంకోసారి 1400. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఒక క్షణం ముక్కి ఆ తర్వాత లేస్తుంది. ట్రాఫిక్‌లో ఆగితే పెట్రోలు వాసన. మా క్లబ్బులో మిత్రుడొకాయన రెండు వెబర్ 45 డీసీఓఈలు పెట్టమంటాడు. మెకానిక్ ఈ రెండూ పీకేసి ఒకే ఒక్క వెబర్ 32/36 పెడితే తలనొప్పి పోతుందంటాడు. మూడో ఆయన సీఎఫ్‌ఎం లెక్క వేసుకుని కొనమన్నాడు, ఆ లెక్కేమిటో నాకు అర్థం కాలేదు. ఏది కొనమంటారు? (రేసులేమీ లేవు, ఆదివారాలు హైవే మీద తిప్పడానికే.)

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట మీరు చివర్న బ్రాకెట్లో పెట్టారు. కార్బ్యురేటర్ ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది బండి పేరు, హార్స్‌పవర్ కాదు. ఆ ఇంజిన్ రోజులో ఎక్కువసేపు ఎన్ని ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది అని అడగాలి. మీది 2000కీ 4000కీ మధ్య తిరుగుతుంది. ఎప్పుడైనా సరదా పుడితే 5500 చూస్తుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే మీ ముగ్గురు సలహాదారుల్లో ఇద్దరి మాట అక్కడే తేలిపోతుంది.

ముందు మూడో ఆయన చెప్పిన సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) లెక్క చూద్దాం, అది సులువు. మీది నాలుగు స్ట్రోకుల ఇంజిన్. రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. కాబట్టి లీటర్లలో ఇంజిన్ సైజును ఆర్‌పీఎంతో గుణించి రెండుతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి కావాలో వస్తుంది. మీ 1798 సీసీ ఇంజిన్ 30 థౌ ఓవర్‌సైజు తర్వాత సుమారు 1832 సీసీ అయింది. 5500 దగ్గర 1.832 × 5500 ÷ 2, అంటే దాదాపు 5040 లీటర్లు. కానీ ఏ ఇంజినూ నూటికి నూరుపాళ్ళు నిండదు. వాల్వులు, పోర్టులు అడ్డుపడతాయి. మీలాంటి పాత తరహా హెడ్‌కి 80 శాతం అనుకుంటే 4030 లీటర్లు. ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్లు కనుక అది 142 సీఎఫ్‌ఎం. ఇంజిన్ గొంతు చించుకుని అరుస్తున్నప్పుడు కావాల్సింది ఇది. 3000 దగ్గర ఫుల్ థ్రాటిల్ తొక్కినా 80 కూడా చేరదు.

ఈ లెక్కతోనే చాలామంది బోర్లా పడతారు. 350 క్యూబిక్ అంగుళాల అమెరికన్ వీ8 తీసుకోండి. 5500 ఆర్‌పీఎం, 85 శాతం నిండుదల వేసుకున్నా 475 సీఎఫ్‌ఎం దాటదు. 600 పెడితే మిగులుతుంది. అయినా దాని మీద 750 బిగించి, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతోందని మొత్తుకునేవాళ్ళు బోలెడుమంది. ఇంకో మెలిక కూడా ఉంది. నాలుగు బ్యారెళ్ళ (గాలి దారుల) కార్బ్యురేటర్ల సీఎఫ్‌ఎంని 1.5 అంగుళాల పాదరసం ఒత్తిడి తేడా దగ్గర కొలుస్తారు, రెండు బ్యారెళ్ళవాటిని 3 అంగుళాల దగ్గర. అంచేత 500 అని రాసి ఉన్న రెండు బ్యారెళ్ళది, నాలుగు బ్యారెళ్ళ కొలతలో దాదాపు 354 మాత్రమే. రెండు అట్టపెట్టెల మీది అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. మీ బండికి మాత్రం ఈ లెక్క ఒక్క సంగతే చెబుతుంది: గాలి కొరత మీ సమస్య కాదు. 1962లో ఈ కారు వచ్చినప్పుడు ఆ రెండు హెచ్‌ఎస్4లతోనే 5400 దగ్గర 95 హార్స్‌పవర్ ఇచ్చేది.

ఇక పెద్ద కార్బ్యురేటర్ ఎందుకు చెరుపు చేస్తుందో చెప్పాలి. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే తేల్చుకోగలరు.

కార్బ్యురేటర్‌లో పెట్రోలును ఎవరూ నెట్టరు. గాలి సన్నని గొంతులోంచి వెళ్ళేటప్పుడు వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ఆ లోటుకి ఫ్లోట్ చాంబర్లోని పెట్రోలు జెట్టు గుండా పైకి లాగబడుతుంది. గొంతు వెడల్పుగా ఉంటే తక్కువ ఆర్‌పీఎం దగ్గర గాలి నెమ్మదిగా పోతుంది. లాగే బలం చాలదు. వచ్చిన కాస్త పెట్రోలూ పొగమంచులా విడిపోక బొట్లుబొట్లుగా పడి మానిఫోల్డ్ గోడలకు అంటుకుంటుంది. పెడల్ తొక్కగానే గాలి చటుక్కున దూకుతుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. ఆ ఒక్క క్షణం మిక్స్చర్ లీన్ (పెట్రోలు తక్కువ) అయి ఇంజిన్ దగ్గుతుంది. వెబర్, సోలెక్స్, హోలీ లాంటి స్థిరమైన గొంతు ఉన్నవాటికి యాక్సిలరేటర్ పంపు పెట్టింది అందుకే. తొక్కినప్పుడల్లా అది ఒక చిమ్ము పెట్రోలు కొట్టి ఆ లోటు పూడుస్తుంది. గొంతు మరీ పెద్దదైతే ఆ చిమ్ము కూడా చాలదు.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్ణే. కుర్రతనంలో 1600 సీసీ నాలుగు సిలిండర్ల బండికి రెండు 45 డీసీఓఈలు, 36 మి.మీ. గొంతులతో బిగించాను. బానెట్ ఎత్తితే చూడముచ్చటగా ఉండేది. 4500 దాటాక పులి, అంతకు ముందు పిల్లి. ఊళ్ళో తిరగాలంటే మొదటి రెండు గేర్లలోనే ఈడ్చాలి. వెనక సైలెన్సర్లో టపాకాయలు, ముందు కార్బ్యురేటర్లోంచి తుమ్ములు. ఆరు నెలలు జెట్లు మార్చీ మార్చీ విసిగిపోయి, చివరికి గొంతులు తీసి 30 మి.మీ.వి వేశాను. అదే బండి, అవే కార్బ్యురేటర్లు. మర్నాడు మూడో గేర్లో 1800 నుంచి ఏ సణుగుడూ లేకుండా లాగింది. పైన పోయిన బలం ఎంతో నాకు తెలియనే లేదు, ఎందుకంటే అక్కడికి నేను నెలకు ఒకసారి కూడా వెళ్ళేవాణ్ణి కాదు.

డీసీఓఈల గురించి మాట్లాడేటప్పుడు 40, 45 అనే అంకెలకు అందరూ పడిపోతారు. అది థ్రాటిల్ బిళ్ళ ఉన్నచోటి వ్యాసం. గాలిని నిర్ణయించేది లోపల బిగించే గొంతు, వెబర్ వాళ్ళు దాన్నే చోక్ అంటారు (చల్లగా ఉన్నప్పుడు లాగే చోక్ వేరు, ఈ పేరుతో ఎంతమంది తికమకపడ్డారో). ఒక్కో సిలిండర్‌కి ఒక్కో బ్యారెల్ ఉన్న అమరికలో ఈ గొంతు సైజుకి స్థూలంగా ఒక సూత్రం ఉంది. ఒక సిలిండర్ సైజును లీటర్లలో తీసుకోండి, ఎక్కువ బలం ఇచ్చే ఆర్‌పీఎంని వేలల్లో తీసుకోండి. రెంటినీ గుణించి, వర్గమూలం కట్టి, 20తో గుణించండి. నా 1600కి 0.4 × 6 = 2.4, దాని వర్గమూలం 1.55, గొంతు 31 మి.మీ. నేను వేసినవి 36. ఈ లెక్క ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఆరు నెలలు మిగిలేవి. గొంతు తేలాక మెయిన్ జెట్ దాదాపు దానికి నాలుగింతలు. 30 మి.మీ. గొంతుకి 120 నంబరు, అంటే 1.20 మి.మీ. రంధ్రం. ఎయిర్ కరెక్టర్ (గాలి కలిపే జెట్టు) అంతకన్నా 50 ఎక్కువ, 170. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు ట్యూనింగ్ అక్కడినుంచి మొదలవుతుంది.

ఇంతా చెప్పాక, మీ మిత్రుడి సలహా మీ బండికి ఎందుకు అసలే కుదరదో చూడండి. ఆయన ఒక సిలిండర్‌కి ఒక బ్యారెల్ అనే బొమ్మ మనసులో పెట్టుకుని చెప్పారు. మీ బీ-సిరీస్ ఇంజిన్ హెడ్‌కి ఇన్‌లెట్ పోర్టులు నాలుగు లేవు, రెండే ఉన్నాయి. 1, 2 సిలిండర్లకు కలిపి ఒకటి, 3, 4కు కలిపి ఇంకొకటి. ఎగ్జాస్ట్‌కి మూడు. మొత్తం ఐదు రంధ్రాలు, అందుకే దీన్ని ఐదు పోర్టుల హెడ్ అంటారు. ఒక్కో డీసీఓఈకి రెండు చొప్పున నాలుగు బ్యారెళ్ళు తెచ్చి రెండు రంధ్రాలకు ఏం బిగిస్తారు? క్రాస్‌ఫ్లో హెడ్ (ఇన్‌లెట్ ఒక పక్క, ఎగ్జాస్ట్ ఇంకో పక్క ఉండేది) వేస్తే తప్ప రెండు డీసీఓఈలకు అర్థం లేదు. హెడ్ మార్చడమంటే మానిఫోల్డులు, ఎగ్జాస్ట్ అన్నీ మారతాయి, అది వేరే ప్రాజెక్టు.

ఈ జంట పోర్టులకు ఇంకో వంకర కూడా ఉంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కదా. అంటే 2 పీల్చిన వెంటనే 1 పీలుస్తుంది, ఇద్దరూ ఒకే పోర్టులోంచి. తర్వాత ఆ పోర్టు చాలాసేపు ఖాళీ. 3, 4 విషయమూ అంతే. గాలి సమంగా కాకుండా రెండు గుటకలు, ఒక విరామం చొప్పున నడుస్తుంది. ఇలాంటి హెడ్‌కి స్థిరమైన గొంతును కుదర్చడం ఓపికతో కూడిన పని. ఒకే 45 డీసీఓఈని పక్కన బిగించి, ఒక్కో బ్యారెల్ ఒక్కో పోర్టుకి ఇచ్చి బాగా నడిపేవాళ్ళు లేకపోలేదు. పెద్ద క్యామ్ వేసి, హెడ్ పోర్టులు పెద్దవి చేయించినవాళ్ళకి పైన కాస్త లాభం ఉంటుంది. మీ కంపెనీ క్యామ్‌కి ఉండదు. పైగా ఆ దారిలో వెళ్తే మీకు వచ్చిపడే చిల్లర పనులు చూడండి. పక్క గోడకు తగలకుండా చిన్న ఎయిర్ ట్రంపెట్లు, పలచటి ఫిల్టరు కావాలి. ఎడమ చేతి స్టీరింగ్ బండి అయితే చోటు ఇంకా ఇరుకు, ఎందుకంటే ఈ ఇంజిన్‌కి కార్బ్యురేటర్లు, ఎగ్జాస్ట్ రెండూ ఎడమ పక్కే. క్రాంక్‌కేసు గాలి గొట్టం దారి చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, చాలా డీసీఓఈలకు డిస్ట్రిబ్యూటర్ వ్యాక్యూమ్ గొట్టం తగిలించే చోటు ఉండదు. అది తీసి మూసేస్తే బండి నడుస్తుంది, కానీ హైవే మీద సగం థ్రాటిల్‌లో వెళ్ళేటప్పుడు రావాల్సిన అడ్వాన్స్ (స్పార్కు ముందుగా పడడం) రాదు. మీరు తిరిగేదే అక్కడ, పెట్రోలు తాగేదీ అక్కడే.

మెకానిక్ చెప్పిన 32/36 చెడ్డది కాదు. మొదట 32 మి.మీ. బ్యారెల్ ఒక్కటే తెరుచుకుంటుంది, పెడల్ ఇంకా తొక్కితే 36ది. మామూలు నడకలో చిన్నది ఒక్కటే పనిచేస్తుంది గనక పొదుపుగా, మెత్తగా ఉంటుంది. 38 డీజీఏఎస్ అని దీనికి అన్న ఉంది, అందులో రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి, అది ఆరు సిలిండర్లకు తగినది. ఒకే కార్బ్యురేటర్, బ్యాలెన్స్ చేసే పని లేదు, అరిగిపోతే ఎక్కడైనా దొరుకుతుంది. మెకానిక్‌కి నచ్చడంలో తప్పేముంది? కానీ ఈ డౌన్‌డ్రాఫ్ట్‌ని మీ హెడ్‌కి కలపాలంటే మానిఫోల్డ్‌లో మిశ్రమం పైనుంచి దిగి ఒక్కసారిగా పక్కకు తిరగాలి. ఆ మలుపులో పెట్రోలు నేలకు అంటుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు మరీనూ. రెండు ఎస్‌యూలు పోర్టులకు ఎదురుగా తిన్నగా ఊదుతాయి. మంచి స్థితిలో ఉన్న రెండు హెచ్‌ఎస్4లు తీసి 32/36 పెట్టినవాళ్ళలో బండి మునుపటికన్నా చురుగ్గా ఉందన్నవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు. ప్రశాంతంగా ఉందన్నవాళ్ళు ఉన్నారు. అరిగిపోయిన ఎస్‌యూలు తీసినవాళ్ళు మాత్రం అద్భుతం అన్నారు, అందులో ఆశ్చర్యం లేదు. అరిగినదాని స్థానంలో ఏ కొత్తది పెట్టినా అద్భుతంగానే ఉంటుంది.

ఎస్‌యూ సంగతి వేరు. దాని గొంతు స్థిరం కాదు. పైన డ్యాష్‌పాట్ అనే డబ్బాలో ఒక పిస్టన్ ఉంటుంది. ఇంజిన్ ఎంత లాగితే అంత లేస్తుంది, గొంతు అంతే తెరుచుకుంటుంది. దానికి వేలాడే నీడిల్ సన్నబడుతూ పోతుంది కనుక పిస్టన్ లేచినకొద్దీ జెట్టులోంచి ఎక్కువ పెట్రోలు వస్తుంది. గాలి వేగం ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. ఐడ్లింగ్ జెట్, మెయిన్ జెట్, యాక్సిలరేటర్ పంపు అని వేర్వేరు భాగాలు లేవు, ఒక్క జెట్టు, ఒక్క నీడిల్‌తో పని అంతా జరుగుతుంది. సైజు కాస్త ఎక్కువైనా ఇది అలగదు, పిస్టన్ తక్కువ లేస్తుంది, అంతే. హెచ్‌ఎస్2 అంటే అంగుళంపావు, హెచ్‌ఎస్4 అంగుళంన్నర, హెచ్‌ఎస్6 అంగుళంముప్పావు. మీ ఇంజిన్‌కి రెండు హెచ్‌ఎస్4లు సరిగ్గా సరిపోయాయి. వందేళ్ళ కిందటి ఆలోచన ఇది, నాకైతే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

మరి ఇంత మంచిదైతే మీ బండి ఎందుకు ముక్కుతోంది? మీరు రాసిన మూడు లక్షణాలూ మూడు వేర్వేరు చోట్లకు వేలు చూపిస్తున్నాయి. ఏ ఒక్కదానికీ కొత్త కార్బ్యురేటర్ అవసరం అనిపించడం లేదు నాకు. కడిగారు అన్నారు, ఓవర్‌హాల్ అనలేదు. అక్కడే పట్టుకున్నాను.

తొక్కగానే ముక్కడం: డ్యాష్‌పాట్ పైన నల్లటి మూత విప్పితే సన్నని కడ్డీతో డ్యాంపర్ బయటికి వస్తుంది. అది నూనెలో మునిగి ఉండాలి. పెడల్ తొక్కినప్పుడు పిస్టన్ ఎగిరిపడకుండా ఆ నూనె ఒక క్షణం ఆపుతుంది. ఆ క్షణంలో గాలి వేగం పెరిగి మిక్స్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, ఇదే ఎస్‌యూకి యాక్సిలరేటర్ పంపు. కడిగినవాళ్ళు నూనె పోయడం మర్చిపోతే మీరు చెప్పిన ముక్కుడే వస్తుంది. ఎస్‌ఏఈ 20 నూనె పోసి, డ్యాంపర్ కిందికి దించండి. మూత మర ఇంకా 6 మి.మీ. పైన ఉండగానే నూనె అడ్డు తగలాలి. ఐదు నిమిషాల పని.

ఐడ్లింగ్ నిలవకపోవడం: ఇది థ్రాటిల్ షాఫ్ట్ అరుగుదల అయి ఉండవచ్చు. 1967 నుంచి ఇప్పటిదాకా ఆ షాఫ్ట్ అదే రంధ్రంలో తిరుగుతోంది. షాఫ్ట్ చివర వేళ్ళతో పట్టి పైకీ కిందికీ ఆడించండి, కదలిక తెలిస్తే అక్కడినుంచి దొంగగాలి లోపలికి పోతోంది. బండి ఐడ్లింగ్‌లో ఉండగా స్ప్రే సీసాతో నీళ్ళు షాఫ్ట్ చివరల మీద, మానిఫోల్డ్ గాస్కెట్ అంచుల మీద కొద్దికొద్దిగా కొట్టండి. శబ్దం మారినచోట లీకు. చాలామంది దీనికి కార్బ్యురేటర్ క్లీనర్ వాడతారు. మీ బండిలో ఎగ్జాస్ట్ సరిగ్గా కిందే ఎర్రగా కాలుతూ ఉంటుంది, ఆ సాహసం వద్దు. షాఫ్ట్ అరిగి ఉంటే బాడీని బోరు చేసి కొత్త బుష్‌లు, కొత్త షాఫ్ట్ వేయించాలి. లేత్ ఉన్న పనిమంతుడికి ఇది కొత్త పని కాదు. రెండు రంధ్రాలూ ఒకే గీతలో రావాలి, లేకపోతే థ్రాటిల్ పట్టేస్తుంది.

కానీ షాఫ్ట్‌ను నిందించే ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. కార్బ్యురేటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎన్నో అక్కడే తేలడం చూశాను. లోపలి అడ్వాన్స్ బరువుల స్ప్రింగులు సాగిపోతే 900 దగ్గరే టైమింగ్ ముందుకు పాకుతుంది. అది ముందుకు వెళ్తే ఆర్‌పీఎం పెరుగుతుంది, ఆర్‌పీఎం పెరిగితే అది ఇంకా ముందుకు వెళ్తుంది. మీ 700, 1400 ఊగిసలాటకు ఇదీ కారణం కావచ్చు. వ్యాక్యూమ్ గొట్టం నోటితో పీల్చి నాలుకతో మూసి చూడండి. నాలుకను పట్టుకోకపోతే లోపలి డయాఫ్రమ్ చిరిగినట్టే. పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ. ట్యాపెట్లు, పాయింట్లు, టైమింగ్, ఆ తర్వాతే కార్బ్యురేటర్. ఈ వరస తప్పితే ఒక తప్పును ఇంకో తప్పుతో సర్దుతూ పోతారు. ఓవర్‌హాల్ తర్వాత ట్యాపెట్లు మళ్ళీ చూశారో లేదో కూడా అడగండి.

పెట్రోలు వాసన: ఫ్లోట్ చాంబర్ మూత తీసి, చాంబర్ నిండగానే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వు చూడండి. అది అరిగినా, చిన్న మట్టి రేణువు చిక్కుకున్నా చాంబర్ పొంగుతుంది. మూతను తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్ లివర్‌కీ మూతకీ మధ్య 3 నుంచి 5 మి.మీ. సందు ఉండాలి. పెట్రోలు పంపు కంపెనీదే అయితే ఒత్తిడితో ఇబ్బంది ఉండదు. ఎవరైనా కొత్తరకం ఎలక్ట్రిక్ పంపు పెట్టి ఉంటే గేజితో కొలవండి. ఎస్‌యూకి 3 పీఎస్ఐ చుట్టుపక్కల చాలు, డీసీఓఈలకూ దాదాపు అంతే. హోలీలకు సరిపోయే 6, 7 పీఎస్ఐ ఇస్తే ఎస్‌యూ నీడిల్ వాల్వు నిలవలేక పొంగుతుంది.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎగ్జాస్ట్ కింద ఉండడం వల్ల ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు ఫ్లోట్ చాంబర్ బాగా కాగుతుంది, పెట్రోలు ఆవిరై బయటికి వస్తుంది. కార్బ్యురేటర్ల వెనక ఉండాల్సిన వేడి నిరోధక స్పేసర్లు, రేకు కవచం మీ బండిలో ఉన్నాయా? ఓవర్‌హాల్లో రేకును పనికిరాదని పారేసినవాళ్ళను చూశాను. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, తేమను పీలుస్తుంది, మిక్స్చర్‌ను కొంచెం లీన్ చేస్తుంది. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకంవి వేయించండి. పగుళ్ళు తేలిన పాత గొట్టం కిందే ఆ వేడి ఎగ్జాస్ట్ ఉందని మర్చిపోవద్దు.

ఇవన్నీ చూశాక బాడీలు మంచివే అని తేలితే కొత్త జెట్లు, నీడిల్స్, గాస్కెట్లు, నీడిల్ వాల్వులు వేయించండి. నీడిల్ మెడ మీద చెక్కిన అక్షరాలు చూసి, మీ ఇంజిన్‌కి పుస్తకంలో చెప్పినదేనా అని సరిపోల్చండి. యాభై ఏళ్ళలో ఎవరో ఏదో చేతికి దొరికినది వేసి ఉండవచ్చు. రెండు కార్బ్యురేటర్ల పిస్టన్లు, పై చాంబర్లు ఒకదానివి ఇంకోదానికి మార్చకండి, అవి జోడీలుగా తయారైనవి. లోపల ఎమెరీ కాగితం పెట్టకండి. డ్యాంపర్ తీసి పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే కిందికి పడి టక్కుమని లోహపు శబ్దం రావాలి, రెండింటిలోనూ ఒకేలా. రాకపోతే జెట్టు మధ్యలో లేదు, నీడిల్ రాసుకుంటోంది.

బిగించాక జెట్టు నట్టును పూర్తిగా పైకి తిప్పి, అక్కడినుంచి 12 ఫ్లాట్లు (నట్టు పక్కలు), అంటే రెండు చుట్లు కిందికి దించండి. ఇంజిన్ వేడెక్కాక రెండు కార్బ్యురేటర్ల మధ్య లింకు వదులు చేసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకోటి ఒక్కో గొంతు దగ్గర పెట్టి వినండి. రెండూ ఒకే స్వరంలో బుస కొట్టాలి. తర్వాత ఒక్కో పిస్టన్‌ని 1 మి.మీ. కన్నా కాస్త తక్కువ ఎత్తి చూడండి. శబ్దం ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే మిక్స్చర్ సరిగ్గా ఉంది. పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, పడిపోతే లీన్. ఇదంతా పాత పద్ధతి. ఎగ్జాస్ట్ గొట్టానికి వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టించగలిగితే ఇంకా మేలు. గాలి-పెట్రోలు నిష్పత్తి హైవే మీద 14.5 చుట్టూ, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు 12.5 నుంచి 13 మధ్య కనిపిస్తే మీరు ఇంక దేన్నీ కదపక్కర్లేదు. ప్లగ్గు రంగు చూసి చెప్పే విద్య ఇప్పటి పెట్రోలుతో పూర్తిగా నమ్మేటట్టు లేదు.

బాడీలు పగిలిపోయి, బుష్‌లకు లొంగనంత అరిగిపోయి ఉంటే అప్పుడు కొనండి. కొంటే కొత్త హెచ్‌ఎస్4లే కొనండి. ఎస్‌యూలు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. మీ మానిఫోల్డ్, లింకులు, చోక్ వైరు, వ్యాక్యూమ్ గొట్టం, ఫిల్టర్లు అన్నీ అలాగే పడతాయి. జోడీగా కొనండి, ఒకటి పాతది, ఒకటి కొత్తది వద్దు. ఫిల్టర్ల రకం మార్చాలనిపిస్తే మార్చుకోవచ్చు, కానీ నీడిల్ కూడా మార్చాల్సి రావచ్చు. వెబర్లకు నకళ్ళు చాలా తిరుగుతున్నాయి, ఎప్పుడైనా ఆ దారి పట్టినా వాటి జోలికి పోకండి. జెట్టు మీద 120 అని రాసి రంధ్రం 125 ఉంటే మీరు ఏ లెక్క వేసి ఏం లాభం?

మీ మిత్రుడితో వాదనకు దిగకండి. హెడ్ పక్కకు తీసుకెళ్ళి ఇన్‌లెట్ పోర్టులు లెక్కపెట్టమనండి. మెకానిక్‌ని మాత్రం వదులుకోవద్దు. ఎస్‌యూల మీద ఆయనకు విసుగు అరిగినవి ట్యూన్ చేసీ చేసీ వచ్చిందేమో. బుష్‌లు వేసిన జోడీని ఒకసారి ఆయన చేతే బ్యాలెన్స్ చేయించండి. డ్యాష్‌పాట్‌లో నూనె ఉందో లేదో మాత్రం ఈ రోజే చూసి నాకు రాయండి.